లేదన్న మాట రాసివ్వమని అడిగాం

మహబూబ్‌నగర్‌లో ఒక లా కాలేజీలో రాజ్యాంగం చెప్తాను. ఏటా చదువును ప్రాథమిక హక్కు చేసిన 21-ఎ అధికరణం దగ్గరికి వచ్చేసరికి క్లాసు కొంచెం సర్దుకుని కూర్చుంటుంది. చదువు కూడా జీవించే హక్కులో భాగమేనన్న 1992 నాటి మోహినీ జైన్ తీర్పు, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు అది ప్రాథమిక హక్కేనన్న 1993 నాటి ఉన్నికృష్ణన్ తీర్పు (అందులో ప్రతివాది మన ఉమ్మడి రాష్ట్రమే), 2002లో 86వ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి దాని అమలు. బోర్డు నిండిపోతుంది. అమెరికా ముచ్చట కూడా చెప్తాను. 1973లో రోడ్రిగెజ్ కేసులో, చదువు తమ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. 1982లో ప్లయిలర్ కేసులో మాత్రం, పత్రాలు లేకుండా వచ్చిన వలస కుటుంబాల పిల్లలకు టెక్సస్ రాష్ట్రం ఉచిత చదువు కాదనడం చెల్లదని మళ్లీ అదే 5-4తో చెప్పింది. "మనకు రాజ్యాంగంలోనే రాసుంది కదా మేడమ్, మనమే నయం" అంటారు పిల్లలు. కాదనను. కాకపోతే రాజ్యాంగంలో రాసి ఉన్నది బడి రిజిస్టర్‌లోకి ఎక్కడానికి ఎంత పని పడుతుందో, మా కాలేజీ లీగల్ ఎయిడ్ క్లినిక్ తరఫున తిరిగితే గానీ నాకు అర్థం కాలేదు.

కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఒక మండలంలో బాల్యవివాహాల మీద అవగాహన సదస్సు పెట్టాం. ఊరి పేరు రాయను, అక్కడి బడిలో ఆ పిల్లలు ఇంకా చదువుకోవాలి. సదస్సు అయిపోయి టెంటు విప్పుతుంటే ఒకామె వచ్చి నిలబడింది. "మేడమ్, మా పిల్లలను బడిలె ఏస్కుంటలేరు. టీసీ తెమ్మంటుండ్రు. యాడికెంచి తేవాలె?" అంది. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పదకొండు, నడిపి పిల్లవాడికి తొమ్మిది, చిన్నదానికి ఏడు. పెద్దది ఇదే బడిలో మూడో తరగతి దాకా చదివింది. తర్వాత తల్లిదండ్రులతో పుణె వెళ్లి అక్కడ కొన్నాళ్లు మరాఠీ మీడియంలో కూర్చుంది. పిల్లవాడు కూడా ఆ బడికే వెళ్లాడు గానీ, సైటు మారినప్పుడల్లా మానేశాడు. చిన్నది అసలు బడి మొహమే చూడలేదు. అత్తగారికి ఒంట్లో బాగాలేక ఈమె పిల్లల్ని తీసుకుని ఊరికి వచ్చేసింది, భర్త పుణెలోనే సెంట్రింగ్ పనిలో ఉన్నాడు.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ప్రాజెక్టుల దగ్గర, కాల్వల మీద, రోడ్ల మీద మట్టి తవ్విన చేతులు చాలావరకు ఇక్కడివే. మేస్త్రి అడ్వాన్స్ ఇస్తాడు, మొగుడూ పెళ్లాన్ని కలిపి ఒక జతగా లెక్కేస్తాడు. పిల్లలు ఆ లెక్కలో లేరు. ఇంటి దగ్గర ముసలివాళ్లుంటే వాళ్ల దగ్గర వదులుతారు, లేకపోతే వెంట తీసుకుపోతారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గర ఆగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింట్లో అదే అట్టడుగు. ఆ 55కీ ఈ జత లెక్కకూ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మర్నాడే బడికి వెళ్లాం. హెడ్మాస్టర్ చెడ్డవాడేం కాదు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఆయన బాధ ఆయనకుంది. ఇదివరకైతే రిజిస్టర్‌లో పేరు రాసుకుంటే అయిపోయేది. ఇప్పుడు బడుల వివరాలన్నీ ఉండే యూడైస్ పోర్టల్‌లో ప్రతి పిల్లకూ పెన్ నంబర్, అంటే శాశ్వత గుర్తింపు నంబర్, ఉండాలి. బడి మానేసి వెళ్లిపోయిన పిల్ల పేరు డ్రాప్‌బాక్స్‌లో పడుతుంది. కొత్త బడి వాళ్లు అందులోంచి తమ బడికి లాక్కోవాలి. దానికి నంబర్ తెలియాలి, పుట్టిన తేదీ కలవాలి. ఈ పిల్లల ఆధార్‌లలో ముగ్గురికీ జనవరి 1. మా జిల్లాలో ఎంతమంది పుట్టిన తేదీలు జనవరి 1నో లెక్కపెడితే నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. పుణె బడి వాళ్లు ఇచ్చిన ఒక చీటీ తల్లి దగ్గర ఉంది. అందులో జిల్లా మహబూబ్‌నగర్, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని రాసుంది. రాష్ట్రం 2014లో విడిపోయింది, ఉమ్మడి జిల్లాను 2016లో విడగొట్టారు, 2019లో ఇంకోసారి విడగొట్టారు. ఆ చీటీకి మాత్రం ఇవేవీ తెలియవు. "ఎంట్రీ తప్పు పడితే నన్నే అడుగుతరు మేడమ్, పుస్తకాలు, యూనిఫాం, భోజనం లెక్క అన్నీ దాని మీదనే" అన్నాడాయన. అబద్ధం కాదు.

చట్టం మాత్రం చాలా స్పష్టంగా ఉంది. రాష్ట్రం లోపలైనా బయటికైనా, ఏ కారణం చేతనైనా పిల్ల ఒక బడి నుంచి ఇంకో బడికి మారవచ్చని సెక్షన్ 5 చెప్తుంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదు, కాదనకూడదు అని అందులోనే ఉంది. టీసీ ఇవ్వడంలో జాప్యం చేసిన హెడ్మాస్టర్ మీద క్రమశిక్షణ చర్య కూడా తీసుకోవచ్చు. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ వెనక్కి పంపకూడదంటుంది సెక్షన్ 14. కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లోనైతే ఏఎన్ఎం రిజిస్టరో, అంగన్‌వాడీ రికార్డో, అదీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చిన మాటో చాలు. ఆధార్ లేదని బడి అడ్మిషన్ నిరాకరించకూడదని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదేనని సెక్షన్ 9లో ప్రత్యేకంగా ఒక క్లాజే ఉంది. బయట ఎవర్ని కలిసినా ఈ చట్టం గురించి ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకివ్వాల్సిన 25 శాతం సీట్ల సంగతే అడుగుతారు. అదీ ముఖ్యమే. కానీ ఉన్న ఊరి సర్కారు బడిలోనే కాలు పెట్టలేని పిల్లకు ఆ శాతంతో పనేముంది?

ఈ సెక్షన్లన్నీ నా నోటికి వచ్చు. ఆ టేబుల్ దగ్గర అవేవీ పనిచేయలేదు. ఎందుకంటే ఆయన కాదనలేదు. "నేను వద్దన్ననా మేడమ్? టీసీ తెచ్చుకొమ్మన్న, అంతే" అన్నాడు. చట్టం అడిగే మొదటి ప్రశ్న, అడ్మిషన్ నిరాకరించారా? అని. నిరాకరించలేదు. రేపు రమ్మన్నారు, సోమవారం రమ్మన్నారు, క్లర్కు లేడన్నారు, సర్వర్ డౌన్ అన్నారు. ఇవన్నీ నోటిమాటలు. వీటి మీద అప్పీలు ఉండదు. అప్పుడే నాకు తట్టింది, ముందు మనకు కావలసింది అడ్మిషన్ కాదు, ఇవ్వం అన్న కాగితం.

ఫైనలియర్ పిల్లలు ముగ్గురు దరఖాస్తు రాయడానికి కూర్చున్నారు. మొదటి డ్రాఫ్ట్ రెండు పేజీలు వచ్చింది. అందులో సుప్రీంకోర్టు తీర్పులు, రాజ్యాంగ పీఠిక, అంబేడ్కర్ మాటలు అన్నీ ఉన్నాయి. చదివితే ఎవరికైనా కోపం రావాలి, పని మాత్రం కాదు. అదంతా తీసేసి అర పేజీకి తెచ్చాం. తల్లి పేరు, పిల్లల పేర్లు, వయసులు, ఇంతకుముందు ఎక్కడ చదివారు, ఏ తేదీన ఈ బడికి వచ్చి అడిగాం. చివర రెండే వాక్యాలు: సెక్షన్ 4, 5, 14 ప్రకారం పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోగలరు, చేర్చుకోవడానికి ఏదైనా అడ్డంకి ఉంటే ఆ కారణం రాసివ్వగలరు. రెండు కాపీలు. ఒకటి ఆయనకు, రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, బడి ముద్ర మనకు. రెండో కాపీ లేని దరఖాస్తు సర్కారు ఆఫీసులో ఇచ్చినా ఒకటే, వాగులో వేసినా ఒకటే.

తల్లి సంతకం చేసింది. సంతకం వచ్చని చూసి మా స్టూడెంట్స్ ఆశ్చర్యపోతే ఆమెకు కొంచెం కోపం వచ్చింది కూడా. "నేను ఐదు దాంక సదివిన" అంది. ఆమెతో పాటు ఊళ్ళో మహిళా సంఘం అధ్యక్షురాలు కూడా వచ్చింది. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి కూడా ఆమే అధ్యక్షురాలు, బడి మరుగుదొడ్ల రిపేరు బిల్లుల కోసం హెడ్మాస్టర్‌తో రోజూ మాట్లాడే మనిషి. నా ప్రొఫెసర్ హోదా కంటే ఆమె పక్కన ఉండటమే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

కాగితం చూడగానే హెడ్మాస్టర్ మొహం మారింది. "రాసిచ్చుడెందుకు మేడమ్, రేపటి నుంచి పిల్లలను పంపియ్యమనండి. కూసుంటరు. పేరు సంగతి మెల్లగ చూద్దాం" అన్నాడు. తల్లి మొహం వెలిగింది. మా స్టూడెంట్స్ కూడా గెలిచాం అనుకున్నారు. నాకే అక్కడ భయమేసింది. పేరు లేకుండా కూర్చున్న పిల్లకు పుస్తకం రాదు, యూనిఫాం రాదు, మధ్యాహ్న భోజనం లెక్కలో ఉండదు. అన్నం పెడతారు, మన ఊళ్ళలో ఆకలితో కూర్చున్న పిల్లను ఎవరూ వదిలేయరు. కానీ ఇన్స్పెక్షన్ వచ్చిన రోజు ఆ పిల్లను ఇంటికి పంపేస్తారు. రెండు నెలలు రాకపోతే అడిగేవాడు ఉండడు, ఎందుకంటే రికార్డులో ఆ పిల్ల ఎన్నడూ రాలేదు. ఏడాది చివర పై తరగతికి పంపడానికి కూడా ఆధారం ఉండదు. మనసు మంచిదైన హెడ్మాస్టర్లు వలస పిల్లలకు చేసే అతి పెద్ద అన్యాయం ఇదేనని నేను అనుకుంటాను. దయ చూపిస్తారు, హక్కును పక్కన పెడతారు. పిల్లల్ని రేపటి నుంచి పంపిస్తాం, దరఖాస్తు మీద మాత్రం సంతకం పెట్టండి సార్ అన్నాం. పెట్టలేదు. ఆ సాయంత్రమే మండల కేంద్రం నుంచి స్పీడ్ పోస్టులో పంపాం. రసీదు దాచుకున్నాం.

చాలామంది అడుగుతారు, మీరు లా ప్రొఫెసర్ కదా, హైకోర్టులో కేసు వేసేయొచ్చు కదా అని. జీతం తీసుకునే ఫుల్‌టైమ్ టీచర్ నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించకూడదు. 1979 నాటి కేంద్ర ప్రభుత్వ నియమాలు ప్రాక్టీసులో ఉన్న లాయర్లకు రోజుకు మూడు గంటల వరకు పాఠం చెప్పుకునే వీలిచ్చాయి గానీ, మావంటి వాళ్లకు ఎదురుదారి లేదు. నా దగ్గర చదువుకుని హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్న ఒకతను రిట్ వేయడానికి సిద్ధమే అన్నాడు. ఆపింది తల్లే. "కేసు వద్దు మేడమ్. గెలిస్తే గిట్ల ఏమొస్తది, నా పిల్లలు మల్ల గా సారు దగ్గరనే సదువాలె గద" అంది. పుస్తకాల్లో కనపడని లాజిక్ ఇది. తీర్పు మీద పేరు పడితే సంస్కరణ అంటాం మనం. ఆమెకు కావలసింది పిల్లలు దెబ్బలు తినకుండా, తిట్టించుకోకుండా బడికి వెళ్లి రావడం.

కేసు వద్దనుకున్నాక మిగిలింది సెక్షన్ 32. పిల్లల హక్కుకు సంబంధించి ఎవరైనా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వచ్చు, అది మూడు నెలల్లో తేల్చాలి, తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. స్థానిక సంస్థ అంటే ఎవరు? పంచాయతీ సెక్రటరీని అడిగితే ఎంఈఓ (మండల విద్యాధికారి) అన్నాడు. ఎంఈఓ ఆఫీసులో మండల పరిషత్ అన్నారు. మండల పరిషత్‌లో విద్యాశాఖ సంగతి మాకెందుకు అన్నారు. చట్టం నిర్వచనంలో పంచాయతీ నుంచి జిల్లా పరిషత్ దాకా, బడి మీద పరిపాలనా అధికారం ఉన్న ఏ అధికారైనా అందులోకి వస్తారు. కాబట్టి మేం అందరికీ ఇచ్చాం. ఒకే ఫిర్యాదు, పైన "ప్రతి" అంటూ అందరి హోదాలూ. ఎవరి దగ్గరికి వెళ్లినా "ఇదిగో, వాళ్లకూ ఇచ్చాం" అని చూపించవచ్చు. ఎవరికి వాళ్లకు కొంచెం టెన్షన్ కూడా ఉంటుంది.

కదలిక రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాం. ప్రజావాణి గురించి తెలియనివాళ్లకు ఒక మాట: పింఛన్లు, పట్టా పాస్‌బుక్కులు, ఇళ్లు, గెట్టు తగాదాలు, వీటి మధ్య పిల్లల చదువు అర్జీ తెచ్చేవాళ్లు చాలా తక్కువ. బయట అర్జీలు రాసిపెట్టేవాళ్లు బల్లలు వేసుకుని ఉంటారు. వాళ్లలో ఒకాయన మా కాగితం చూసి, "ఇది అర్జీనా, సెలవు చీటీనా? ఇంత చిన్నగుంటే సారు చూడడు" అని జాలిపడ్డాడు. లోపల మా అర్జీకి నంబర్ ఇచ్చారు. పైనుంచి జిల్లా విద్యాశాఖకు, అక్కడి నుంచి ఎంఈఓకు, ఎంఈఓ నుంచి "నివేదిక సమర్పించండి" అంటూ అదే హెడ్మాస్టర్‌కు వెళ్లింది. మామూలుగా దీన్ని చూసే జనం విసిగిపోతారు. ఎవరి మీద చెప్పుకున్నామో కాగితం చివరికి వాళ్ల దగ్గరికే చేరుతుంది. మా స్టూడెంట్స్ కూడా అలాగే తిట్టుకున్నారు.

ఈసారి మాత్రం ఆ చక్కర్లే మాకు కలిసొచ్చాయి. పైనుంచి నివేదిక అడిగితే హెడ్మాస్టర్ ఏదో ఒకటి రాయక తప్పదు. రాశాడు. మా అర్జీకి జవాబుగా దాని కాపీ మాకు వచ్చింది. అందులో ఒక వాక్యం: సదరు విద్యార్థుల తల్లిదండ్రులు టీసీ సమర్పించనందున ప్రవేశం కల్పించడం జరగలేదు. సంతకం, తేదీ, ముద్ర, అన్నీ ఉన్నాయి. ఏ కారణంతో ఆపకూడదని సెక్షన్ 5 చెప్పిందో, సరిగ్గా ఆ కారణమే ఆయన స్వహస్తాలతో రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని మా ఫైనలియర్ అమ్మాయి ఎగిరి గంతేసింది. పరీక్షలో ఫస్ట్ వచ్చినప్పుడు కూడా అంత సంబరం చూడలేదు నేను.

ఆ కాపీ జత చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాం. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. ఈ సంగతి చాలామంది ఆడవాళ్లకు తెలియదు, తెల్లకార్డు ఉంటేనే అనుకుంటారు. అక్కడి నుంచి విద్యాశాఖకు ఒక లేఖ వెళ్లింది. ఏం వివరణ ఇస్తారు అని అడుగుతూ రాసిన మామూలు లేఖే. దానికి జవాబు రాయాలంటే ఆ వాక్యాన్ని సమర్థించుకోవాలి. సమర్థించుకునే దారి లేదు. మూడో రోజుకల్లా బడి నుంచి తల్లికి ఫోన్ వచ్చింది. పిల్లల్ని, ఫోటోల్ని తీసుకుని రమ్మన్నారు.

అక్కడితో అయిపోలేదు. ఏ తరగతిలో వేయాలి? మూడు దాకా చదివింది కాబట్టి పెద్దమ్మాయిని నాలుగులో వేస్తామన్నారు. సెక్షన్ 4 ప్రకారం వయసుకు తగిన తరగతిలో, అంటే ఆరులో వేయాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. "ఆరులేస్తే ఏమర్థమైతది మేడమ్ ఆ పిల్లకు?" అన్నాడు ఒక టీచర్. న్యాయమైన ప్రశ్నే. కానీ తమ్ముడు కూర్చునే నాలుగో తరగతి బెంచీ మీద పదకొండేళ్ల ఆడపిల్లను కూర్చోబెడితే ఎన్నాళ్లు వస్తుంది? ఆ వయసులో సిగ్గు అనేది లెక్కల కంటే పెద్ద సబ్జెక్టు. తల్లి కూడా ఆరే అంది. ఊళ్ళో ఉన్నది ప్రాథమికోన్నత పాఠశాల కాబట్టి ముగ్గురూ ఒకే ఆవరణలో పడ్డారు. పెన్ నంబర్ పెద్దమ్మాయికి డ్రాప్‌బాక్స్‌లో దొరికింది. మిగతా ఇద్దరికీ కొత్తగా ఎంట్రీ చేశారు. ఇన్ని రోజులు గోల పెట్టిన ఆ పని ఒక సీఆర్పీ (కొన్ని బడులకు కలిపి ఉండే రిసోర్స్ పర్సన్) వచ్చి కూర్చుంటే మధ్యాహ్నం భోజనం లోపు అయిపోయింది.

ప్రత్యేక శిక్షణ సంగతి ఇంకో కథ. కాగితం మీద ఉంది, చెప్పేవాళ్లు లేరు. ఊళ్ళోనే డీఎడ్ చేసి ఖాళీగా ఉన్న ఒకమ్మాయిని బతిమాలి సాయంత్రాలు ఒప్పించాం. మొదటి వారం పెద్దమ్మాయి తెలుగు వాచకం ముందు పెడితే అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది. హిందీ పుస్తకం తెరిస్తే మాత్రం గడగడా చదివేసింది. మరాఠీకీ హిందీకీ లిపి ఒకటే కదా. ఆరో తరగతిలో అలా చదివేవాళ్లు ఇంకెవరూ లేరు. హిందీ టీచర్ ఆమెను క్లాసులో ముందుకు పిలిచి చదివించడం మొదలుపెట్టింది. నాలుగు పెన్సిళ్లు, ఒక డ్రాయింగ్ పుస్తకం బహుమతి కూడా ఇచ్చిందట. ఇన్ని ఫిర్యాదులతో మేం చేయలేనిది ఆ ఒక్క హిందీ పాఠం చేసింది, ఆ పిల్ల మానకుండా రావడం మొదలైంది.

వెనకబడిన పాఠాలు చెప్పి వయసు తరగతిలో కలిపే ఈ బ్రిడ్జి పద్ధతి చట్టంతో పుట్టింది కాదు. రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు 1990ల నుంచే పనిలో ఉన్న పిల్లల్ని క్యాంపుల్లో చదివించి, వాళ్ల వయసు తరగతిలోకి పంపి చూపించారు. బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల పట్టు. ఆమె 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయ్యారు. ఆమె లా ప్రొఫెసర్ కాదు, రాజనీతిశాస్త్రం చెప్పేవారు. మా లా క్లాసుల్లో మాత్రం ఆమె పేరు తప్పకుండా చెప్తాను.

దసరా దాకా బాగానే నడిచింది. దీపావళి దగ్గర పడేసరికి పుణె నుంచి మేస్త్రి ఫోన్. జతలో ఒక్కడే ఉంటే కూలి సగం, అడ్వాన్స్ మాత్రం ఇద్దరి మీద ఉంది. ఆమె వెళ్లక తప్పని పరిస్థితి. అప్పుడు మళ్లీ కాగితాలు మొదలు. తల్లిదండ్రులు వలస వెళ్లిన పిల్లల కోసం బడి దగ్గరే కొన్ని నెలలు నడిపే సీజనల్ హాస్టళ్లు సమగ్ర శిక్ష కింద ఉన్నాయి. అది తెరవాలంటే ఊళ్ళో అలాంటి పిల్లల జాబితా చూపించాలి. జాబితా ఎవరు చేయాలి? మా స్టూడెంట్స్, సంఘం అధ్యక్షురాలు కలిసి ఇంటింటికీ తిరిగారు. ఈ ముగ్గురే అనుకున్న చోట ఒక తరగతి నిండేంత మంది బయటపడ్డారు. హాస్టల్ ఆలస్యంగానైనా తెరిచారు. పెద్దమ్మాయి, చిన్నది అందులో ఉన్నారు. పిల్లవాడు మాత్రం తల్లితోనే వెళ్తానని ఏడ్చి ఏడ్చి వెళ్లాడు. వాణ్ని ఆపమని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాలని కూడా అనిపించలేదు.

కాకపోతే ఈసారి వాడు చేతులూపుకుంటూ వెళ్లలేదు. వెళ్లేముందే బడిలో టీసీ అడిగి తీసుకున్నాం. అదే సెక్షన్ 5 ప్రకారం వెంటనే ఇవ్వాల్సిందే. పెన్ నంబర్, పుట్టిన తేదీ ఒక అట్ట మీద రాసి లామినేషన్ చేయించి ఇచ్చాం. ఇప్పుడు మా క్లినిక్ పని చాలావరకు ఇదే అయింది. జూన్‌లో బడిబాట అప్పుడు అందరూ పిల్లల్ని చేర్పించడానికి తిరుగుతారు. మేం అక్టోబరు, నవంబరుల్లో తిరుగుతాం, వెళ్లిపోయేవాళ్ల చేతుల్లో కాగితం ఉందో లేదో చూడటానికి. పుట్టిన సర్టిఫికెట్ సంగతి కూడా అప్పుడే చెప్తున్నాం. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి అడ్మిషన్‌తో సహా అన్నింటికీ జనన ధ్రువపత్రమే రుజువని చట్టం మారింది. సైట్ల మీద పుట్టిన పిల్లలు 2029 ప్రాంతంలో ఒకటో తరగతికి వస్తారు. రుజువు లేదని పంపేయకూడదన్న సెక్షన్ 14 అలాగే ఉంది. టేబుల్ దగ్గర ఏది గెలుస్తుందో నేను ఇప్పుడే చెప్పగలను.

గద్వాల వైపు పని చేసే మిత్రులు మా దరఖాస్తు నమూనా అడిగి తీసుకున్నారు. అక్కడ సమస్య తలకిందులు. పిల్లల పేర్లు రిజిస్టర్‌లో భద్రంగా ఉంటాయి, పిల్లలు సీడు పత్తి చేలల్లో ఉంటారు. సాయంత్రం మొగ్గలు విప్పి పుప్పొడి తీసేయాలి, పొద్దున మగ పువ్వు తెచ్చి రుద్దాలి. క్రాసింగ్ నడిచే ఆ నెలల్లో ఊరంతా చేనులోనే ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించకూడదన్న 2016 సవరణలోనే, బడి వేళ కాని వేళల్లో కుటుంబానికి సాయపడవచ్చని ఒక మినహాయింపు ఉంది. అధికారి అడిగితే ప్రతి చేనూ సొంత చేనే, ప్రతి పిల్లా కూతురే. అక్కడ అడగాల్సిన కాగితం వేరు, హాజరు రిజిస్టర్ కాపీ.

ఇక చివరగా ఆర్టీఐ. ఆ మండలంలో ఆ ఏడాది ఎంతమంది వలస పిల్లల్ని చేర్చుకున్నారు, ఎంతమందికి సెక్షన్ 4 కింద ప్రత్యేక శిక్షణ ఇచ్చారు అని మా స్టూడెంట్ ఒకరు అడిగారు. "కోరిన సమాచారం ఈ కార్యాలయంలో అందుబాటులో లేదు" అని జవాబు వచ్చింది. తన పరిధిలో ఉన్న పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి రికార్డూ ఉంచాలని సెక్షన్ 9 చెప్తుంది. లేదని ఇప్పుడు రాసిచ్చారు, ఇదీ పనికొచ్చే కాగితమే. మొదటి అప్పీలులో అదే మాట మళ్లీ రాశారు. తొంభై రోజుల గడువు లోపల సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేశాం. విచారణ తేదీ ఇంకా రాలేదు.